రాజభోగం వేరు, ఆతిథ్యం వేరు

మన పత్రికలో పుస్తకాలకీ, నాటకాలకీ, అప్పుడప్పుడు కూచిపూడి ప్రదర్శనలకీ సమీక్షలు వస్తుంటాయి. హోటలుకి సమీక్షేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని రాజస్థాన్‌లోని కోట హోటళ్ళు అమ్మేది పడుకోవటానికి గది ఒక్కటే కాదు. వాకిట్లో డోలు, నెత్తిన తలపాగా, నుదుట తిలకం, రాత్రి దివిటీల వెలుగులో పాట, పళ్ళెంలో పాతిక రకాలు. ఇదంతా ఒక ప్రదర్శన. దీనికి రచన ఉంది, దర్శకత్వం ఉంది, పాత్రలున్నాయి, టిక్కెట్టు ఉంది. టిక్కెట్టు పెట్టిన దేనికైనా సమీక్ష రాయటం న్యాయమే కదా.

పైగా మనవాళ్ళలో ఈ యాత్ర ఒక ఆనవాయితీగా మారుతోంది. దేశం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని తిరుపతికీ, షిరిడీకీ తిప్పటం అయ్యాక, "ఈసారి రాజుల కోటలో రెండు రోజులు ఉంచుదాం" అనుకోవటం మనలో చాలా ఇళ్ళలో వింటున్న మాటే. మేము వెళ్ళి వచ్చాక ఫోన్లు చేసిన మిత్రులందరూ అడిగింది ఒకటే: "ఎలా ఉంది? అమ్మావాళ్ళని తీసుకెళ్ళవచ్చా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే కంటే అందరికీ కలిపి ఇక్కడ చెప్పటం మేలనిపించింది.

మా యాత్రకి ఆరేళ్ళు పట్టింది. మొదట రెసిడెన్సీ, తర్వాత వీసా కాగితాలు. 2020 వసంతానికి అన్నీ కుదిరి, టిక్కెట్లు కొన్నాక కరోనా వచ్చింది. తర్వాత రెండేళ్ళు ఆసుపత్రిలో సెలవు అనే మాటే ఎత్తలేకపోయాం. చివరికి అమ్మానాన్నల పెళ్ళయి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరం డిసెంబరులో ప్రయాణం కుదిరింది. నాన్నగారికి 76, బడిపంతులుగా మొదలై హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అమ్మకి 70, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వాళ్ళిద్దరూ, మేమిద్దరం, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి. రెండు గదులు, రెండు రాత్రులు. గదికి రాత్రికి 42,000 రూపాయల చొప్పున 1,68,000. రాత్రికి 7,500 దాటిన గదికి 18 శాతం పన్ను గనక మరో 30,240. నాన్నగారికి ధర చెప్పలేదు. మనలో చాలామంది ఇళ్ళలో జరిగేదే ఇది.

హోటలు పేరు మాత్రం ఇక్కడ రాయం. కారణం కొంత ముందుకి వెళ్ళాక తెలుస్తుంది.

కోటలు హోటళ్ళెలా అయ్యాయో ముందు కొంచెం చెప్పుకోవాలి. జయపూర్‌లోని రాంబాగ్ భవనాన్ని అక్కడి మహారాజా 1957లో హోటలుగా మార్చారు. ఉదయపూర్‌లో పిఛోలా చెరువు మధ్యనున్న జగ్‌నివాస్ 1963లో హోటలయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి. వందల గదుల ఇంటికి వానాకాలం కప్పు కారితే బాగుచేయించే దారి లేక చాలామంది అదే బాట పట్టారు. తర్వాత కేంద్ర పర్యాటక శాఖ 1950కి ముందు కట్టిన కోటలనీ, హవేలీలనీ హెరిటేజ్ హోటళ్ళ కింద గుర్తించటం మొదలుపెట్టింది. మన హైదరాబాదు ఫలక్‌నుమా సంగతి తెలిసిందే. పైగా అమీరు వికారుల్ ఉమ్రా కట్టుకున్న ఆ భవనం ఆరవ నిజాము చేతికి వెళ్ళి, దశాబ్దాలు మూతపడి, 2010లో హోటలుగా తెరుచుకుంది.

ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. హోటళ్ళు కాకపోతే వీటిలో సగం గబ్బిలాలకి నివాసాలయ్యేవి. మేము దిగిన కోటలో కూడా భవనాన్ని కాపాడిన తీరుకి నమస్కారం పెట్టవలసిందే. గోడలకి వేసిన సున్నపు పూత అద్దంలా మెరుస్తుంది. అరాయిష్ అంటారు దాన్ని. సన్నని సున్నాన్ని పొరలు పొరలుగా వేసి, నున్నని రాయితో రుద్ది రుద్ది ఆ మెరుపు తెస్తారు. మన పాత మండువా ఇళ్ళలో గచ్చు చూసినవారికి దానిమీద చెయ్యి వేయగానే పుట్టిల్లు గుర్తొస్తుంది. అమ్మ వేసింది కూడా. రాతి జాలీలోంచి పొద్దుటి ఎండ నేలమీద ముగ్గులా పడటం, ఝరోకాలో కూర్చుంటే కింద చెరువు కనబడటం, వీటికి మేము పైసా తగ్గించం. ప్రదర్శనలో రంగాలంకరణకి నూటికి నూరు మార్కులు. లోటంతా మిగతా చోట్ల.

వాకిలి దగ్గర మొదలుపెడదాం. ఆరు గంటలు కారులో కూర్చుని వచ్చిన పెద్దవాళ్ళకి ముందు కావలసింది కుర్చీ, గ్లాసెడు మంచినీళ్ళు, బాత్‌రూము. మాకు దొరికింది స్వాగతోత్సవం. డోలు వాయించేవారు సిద్ధంగా ఉన్నారు. పూలు చల్లవలసిన అమ్మాయి సిద్ధంగా ఉంది. ఫోటో తీసే మనిషి మాత్రం వెనక వస్తున్న మరో బృందం కోసం ఆగాడు. ఆయన వచ్చేదాకా పావుగంట అమ్మ తోరణం కింద నిలబడింది. కూర్చోవటానికి ఏదైనా వేయమని అడిగితే "ఒక్క నిమిషం మేడమ్, వెల్‌కమ్ అయిపోతుంది" అన్నారు. అదెవరి స్వాగతమో అప్పుడు మాకు అర్థం కాలేదు.

తర్వాత మెట్లు. అమ్మ మోకాళ్ళ సంగతి రాసి, కింది అంతస్తులో గది కావాలని నాలుగు నెలల ముందు ఉత్తరం పంపాం. రెండుసార్లు గుర్తుచేశాం. రెండుసార్లూ "నోట్ చేసుకున్నాం" అని జవాబొచ్చింది. నోట్ చేసుకున్న మాట నిజమే. మా పేరు ఎదుట ఆ వాక్యం వాళ్ళ కంప్యూటరులో కనిపించింది. గది మాత్రం రెండో అంతస్తులో ఇచ్చారు. పాత కట్టడం గనక లిఫ్టు లేదు. కోట మెట్లు నిట్టనిలువుగా, ఇరుగ్గా ఉంటాయి. శత్రువు లోపలికొస్తే పరుగెత్తలేకుండా కట్టినవి అవి. మెట్లు దిగేటప్పుడు మోకాలిమీద మనిషి బరువుకి మూడింతలు పైన భారం పడుతుందని మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. శత్రువుని ఆపటానికి కట్టిన మెట్లు అమ్మని ఆపాయి. ఆ రెండు రోజుల్లో ఆవిడ కిందికి దిగింది మూడేసార్లు. చెరువూ, తోటా, పాటా అన్నీ కిందనే ఉన్నాయి.

గదిలో దీపాలు చాలా అందంగా ఉన్నాయి గాని వెలుగివ్వవు. ఇరవయ్యేళ్ళ కంట్లో రెటీనాకి చేరే వెలుతురులో అరవై దాటినవారికి చేరేది మూడోవంతేనని కంటివైద్యులు లెక్క చెబుతారు. మాకు రాజసంగా కనిపించిన మసకవెలుగు నాన్నగారికి చీకటి. పాలరాతి స్నానాలగదిలో పట్టుకోవటానికి కమ్మీ లేదు. తొట్టె అంచు మోకాలి ఎత్తు. నాన్నగారు అడిగింది బకెట్టూ, చెంబూ. అది రావటానికి గంట పట్టింది. వచ్చింది కూడా పూలు వేసుకునే ఇత్తడి గంగాళం. ఒక ప్లాస్టిక్ బకెట్టు ఆ గది అలంకారానికి నప్పదట.

ఇప్పుడు భోజనం సంగతి. మా సమీక్షకి ప్రాణం ఇక్కడ ఉంది. నాన్నగారికి చక్కెర వ్యాధి. మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం పడాలి. రాత్రి భోజనం ఏడున్నరకని కార్డుమీద అచ్చువేసి గదిలో పెట్టారు. ఆ ప్రకారం ఆయన ఏడుంపావుకి మాత్ర వేసుకుని కిందికొచ్చారు. ఏడున్నరకి మొదలైంది సాంస్కృతిక కార్యక్రమం. పాడినవారు మాంగణియార్లు. రాజస్థాన్ పడమటి ఎడారి ప్రాంతంలో తరతరాలుగా తమ యజమానుల ఇళ్ళలో పెళ్ళికీ, పుట్టుకకీ పాడుతూ, ఆ వంశాల చరిత్రలు నోటనే నిలిపిన గాయకులు. ఒకరి చేతిలో కమాయిచా, కమానుతో వాయించేది. ఇంకొకరి చేతిలో ఖర్తాల్, చెక్క చిడతలు. మొదటి పాట ఎత్తుకున్నప్పుడు మా ఒళ్ళు గగుర్పొడిచింది. తర్వాత నిర్వాహకుడు సైగ చేశాడు. ఆ పాట మధ్యలో ఆగి, అందరికీ తెలిసిన ఒక సినిమా పాట వచ్చింది. ఇరవై నిమిషాల్లో వాళ్ళ వంతు ముగిసి, నిప్పుతో గారడీ మొదలైంది. అంతటి విద్వాంసులకి సూపుకీ పళ్ళేనికీ మధ్యన చోటిచ్చిన దర్శకుడి అభిరుచి ఎలాంటిదో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఎనిమిదిం పావు దాటాక నాన్నగారి చెయ్యి వణికింది. నుదుట చెమట పట్టింది. మా దగ్గరున్న మీటరులో చూస్తే 61. గదిలోంచి తెచ్చిన టీ పంచదార పొట్లాలు మూడు ఆయన నోట్లో పోశాం. అది తాత్కాలికం. వెనకనే కడుపులోకి భోజనం పడాలి. వడ్డన చూసే అధికారికి సంగతి చెప్పి, అన్నం, పెరుగు, ఏదైనా సరే వెంటనే పెట్టమని అడిగాం. ఆయన చాలా మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని, తల వంచి, "సార్, రాయల్ థాలీ అందరికీ ఒకేసారి వడ్డించటం మా పద్ధతి. తొమ్మిదింటికి మొదలవుతుంది" అన్నాడు. మేము డాక్టర్లమనీ, ఇది అర్జెంటు అనీ చెబితే, చెఫ్‌ని కనుక్కుని వస్తానని వెళ్ళాడు. ఆ రాత్రికి మళ్ళీ ఆయన కనిపించలేదు.

అన్నం పెట్టింది మంచినీళ్ళు అందించే కుర్రాడు. మా మాటలు విన్నాడు కాబోలు, ఐదు నిమిషాల్లో ఒక స్టీలు పళ్ళెం తెచ్చాడు. అందులో రెండు రొట్టెలు, పప్పు, గిన్నెడు పెరుగు. పనివాళ్ళ మెస్సులో వాళ్ళకోసం వండుకున్నది. నాన్నగారి పక్కన మోకాళ్ళమీద కూర్చుని, "బాబూజీ, ముందు పెరుగు తినండి" అన్నాడు. ఆయన తినేదాకా లేవలేదు. ఇరవై నిమిషాల తర్వాత మీటరు 104 చూపించింది. పళ్ళెం తీసుకెళ్తూ ఆ అబ్బాయి మమ్మల్ని అడిగింది ఒక్కటే, ఈ సంగతి మేనేజరుకి చెప్పవద్దని. అతిథికి మెస్సు తిండి పెట్టటం అక్కడ తప్పట. హోటలు పేరు ఎందుకు రాయలేదో పాఠకులకి ఇప్పుడు తెలిసే ఉంటుంది.

తొమ్మిదింటికి థాలీ వచ్చింది. కేర్-సాంగ్రీ, గట్టే కూర, దాల్-బాటీ-చూర్మా, ఇంకా ఎన్నో. నిజం చెప్పాలంటే వంట బాగుంది. మా అమ్మాయి చూర్మా రెండుసార్లు వేయించుకుంది. నాన్నగారు ఒక బాటీ తుంచి, రుచి చూసి, చాలన్నారు.

మరొక్క సంగతి చెప్పి బిల్లుకొద్దాం. మా కారు డ్రైవరుకి ఆ కోట మొత్తంమీద పడుకునే చోటు లేదు. డిసెంబరు చలిలో కారులోనే పడుకున్నాడు. ఇది తెలిసిన దగ్గర్నుంచి నాన్నగారికి పరుపుమీద నిద్ర పట్టలేదు. రెండో రాత్రి ఊళ్ళో అతనికి వేరే గది తీసుకున్నాం.

బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జీ కలిపి ఉంది. మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే, హోటళ్ళు దీన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని మార్గదర్శకాలు జారీచేసింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడిగితే ముప్పావుగంట చర్చ తర్వాత తీసేశారు. ఆ డబ్బు మెస్సులో పనివాళ్ళకే ఇచ్చి వచ్చాం. తిరిగి వచ్చాక రాసిన ఫిర్యాదుకి చక్కటి జవాబొచ్చింది. మా అమూల్యాభిప్రాయానికి కృతజ్ఞతలు, మళ్ళీ వచ్చినప్పుడు ఇరవై శాతం తగ్గింపు.

ఇక విమర్శకొద్దాం. "ఇండియాలో సర్వీసంతే" అని తేల్చేసే మిత్రులతో మేము ఏకీభవించం. అక్కడ పనిచేసేవారిలో బద్ధకస్తుడు ఒక్కడూ కనిపించలేదు. ఉదయం నుంచి అర్ధరాత్రిదాకా వాళ్ళు పరుగులమీదే ఉన్నారు. లోపం రచనలో ఉంది. ఆ నాటకంలో అతిథి పాత్ర ముందే రాసిపెట్టి ఉంది. తలపాగా పెట్టించుకోవాలి, ఫోటో తీయించుకోవాలి, తొమ్మిదింటికి ఆకలి వేయాలి. మోకాలు నొప్పి, చక్కెర వ్యాధి, పెరుగన్నం అలవాటు ఉన్న మనిషి అందులో ఇమడడు. అతను వస్తే నటులు తడబడతారు. ఏం చేయాలో తెలిసినది, సంభాషణలు ఇవ్వని ఆ నీళ్ళ కుర్రాడికి ఒక్కడికే.

డబ్బు తీసుకుని ఆదరించటం మనకి కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింటి భోజనం వర్ణన ఉంది. రూక తీసుకున్నారు, కడుపు నిండా పెట్టారు. అది నిజాయితీగల వర్తకం. అక్కడ ఎవరూ ఎవరికీ రాజునని చెప్పలేదు. రెండో కొలమానం ఆముక్తమాల్యద. అందులో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏమి పెట్టాడో కృష్ణదేవరాయలు ఋతువుల వారీగా చెప్పాడు. వానాకాలం కట్టెలు తడిసిపోతే పొయ్యిలోకి ఏమి వాడారో, ఎండాకాలం బాటసారికి ఏది చలవ చేస్తుందో కూడా వదల్లేదు. ఇన్ని పెట్టీ ఆ గృహస్థు లేమికి మన్నింపు కోరుతూ వడ్డించాడు. గమనించవలసినదేమిటంటే, ఈ కావ్యం రాసినవాడు చక్రవర్తి. రాజభోగం ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినట్లు ఏ హోటలు కంపెనీకీ తెలియదు. అయినా ఆతిథ్యం అంటే ఏమిటో చూపించటానికి ఆయన తన నగరు ఎంచుకోలేదు. శ్రీవిల్లిపుత్తూరులో దేవుడికి పూలమాలలు కట్టుకునే భక్తుడి ఇల్లు ఎంచుకున్నాడు.

కోట హోటళ్ళ పొరపాటు ఇక్కడే ఉందని మా అభిప్రాయం. రాజు ఇంట్లో ఎన్ని పళ్ళేలు ఉండేవో అవి పరిశోధించి తెలుసుకున్నాయి. వచ్చినవాడికి ఇప్పుడేం కావాలి అన్న ప్రశ్న వేసుకోలేదు. రాజుల వైభవమైనా పూర్తిగా చెబుతాయా అంటే అదీ లేదు. మా గైడు గంటసేపు పులివేటల గురించి చెప్పాడు గాని కోట కట్టినవారి ఊసెత్తలేదు. జోధ్‌పూర్‌లో ఉమ్మెద్ భవన్ చరిత్ర చూడండి. 347 గదుల ఆ భవనం 1929లో మొదలై 1943లో పూర్తయింది. కరువులో జనానికి పని కల్పించటం కోసం దాన్ని తలపెట్టారని అందరూ చెప్పే మాట. అలాంటి కథ ఏ పులివేట కంటే తక్కువ?

వైద్యులుగా మాకు ఇంకొకటి తోచింది. హోటల్, హాస్పిటల్ అనే రెండు మాటలూ లాటినులో ఒకే మూలంనుంచి వచ్చాయి. ఆ మూలపదానికి అతిథి అనీ, ఆతిథ్యమిచ్చేవాడనీ రెండర్థాలున్నాయి. ఆసుపత్రికి మనిషి వస్తే మొదటి పని అతను చెప్పేది వినటం. ఏ పరికరమైనా దాని తర్వాతే. వినకుండా మొదలుపెట్టిన వైద్యం ఎంత ఖరీదైనా పనికిరాదు. వాళ్ళ కంప్యూటరులో అమ్మ మోకాళ్ళ సంగతి ఉంది. కేస్‌షీటు రాసి, రోగిని చూడకపోవటం లాంటిదే ఇది.

కోట హోటలుకి వెళ్ళవద్దని మేము చెప్పటం లేదు. వయసులో ఉన్నవాళ్ళు, కట్టడాలంటే ఇష్టమున్నవాళ్ళు తప్పక వెళ్ళండి. ఆ గోడలు చూసి తీరవలసినవే. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు మాత్రం ముందుగా మూడు సంగతులు తేల్చుకోండి. కింది అంతస్తులో గది, దాని నంబరుతో సహా, కాగితంమీద రాయించుకోండి. వేళకి, మామూలు భోజనం, కార్యక్రమంతో సంబంధం లేకుండా పెడతారా అని అడగండి. డ్రైవరుకి పడక ఉందో లేదో కనుక్కోండి. మూడోదానికి వచ్చే జవాబునుబట్టి మొదటి రెండింటికీ ఇచ్చిన మాట ఎంత నిలుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

నాన్నగారిని హోటలెలా ఉందని బంధువులు అడిగితే, "కోట బ్రహ్మాండం. ఆ కుర్రాడు పెట్టిన పెరుగు ఇంకా బాగుంది" అంటున్నారు. సమీక్షగా మా కంటే ఆయనే క్లుప్తంగా చెప్పారు. వచ్చే డిసెంబరులో వెళ్ళే మిత్రులెవరైనా ఉంటే, తమ అనుభవం వేరుగా ఉంటే, ఈ పత్రికకే రాయమని కోరుతున్నాం. మంచిగా చూసిన కోట ఒకటి ఉందని తెలిస్తే, దాని పేరు పెద్ద అక్షరాలతో వేయమని సంపాదకులని మేమే అడుగుతాం.